ఇంట్లోనే పంద్రాగస్టు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఆగస్టు దగ్గర పడేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో జెండా పండుగ ప్రస్తావన ఎక్కువవుతుంది. ఈసారి వచ్చినవాటిలో పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్న తల్లిదండ్రుల ఉత్తరాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానికి వివరంగానూ, మిగిలినవాటికి అవసరమైనంత మేరకూ సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: మేము కర్నూలులో ఉంటాము. మా అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఏడేళ్లు. రెండేళ్లుగా ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాము. ప్రతి ఆగస్టు 15న మూడు రంగుల కాగితాలు కత్తిరించి అతికిస్తాము, టీవీలో ఎర్రకోట కార్యక్రమం చూస్తాము, మిఠాయి పంచుకుంటాము. పిల్లలు సంతోషంగానే ఉంటారు కానీ, మరునాడు అడిగితే గాంధీగారి పేరు తప్ప మరేమీ చెప్పలేరు. ఆ రోజు వారి మనసులో నిలిచిపోవాలంటే ఇంట్లో ఏమి చేయించాలి?
– ఒక తల్లి, కర్నూలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నేను బడిలో సాంఘిక శాస్త్రం చెప్పిన రోజులు గుర్తుకు వచ్చాయి. ఒక ఏడాది పంద్రాగస్టు ఉపన్యాసం బట్టీ పట్టిస్తుండగా ఆరో తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, ఏటికి అవతల మా అత్తా వాళ్ల ఊరికి కూడా అదే రోజు స్వాతంత్ర్యం వచ్చిందా?" అని అడిగాడు. వాళ్ల అత్తగారి ఊరు అలంపురం దగ్గర. నేను ఆ ప్రశ్నను పక్కన పెట్టి, ముందు ఉపన్యాసం అప్పజెప్పమన్నాను. అంతకంటే మంచి పాఠం ఆ ఏడాది నా చేతికి రాలేదనీ, వచ్చినదాన్ని నేనే జారవిడుచుకున్నాననీ ఇప్పటికీ బాధపడుతుంటాను. కాబట్టి మీ ఇంట్లో పండుగను ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టమని నా కోరిక.

సంగతి ఏమిటంటే, 1947 ఆగస్టు 15న తుంగభద్రకు దక్షిణపు ఒడ్డున ఉన్న మీ కర్నూలు స్వతంత్ర భారతదేశంలో ఉంది. ఉత్తరపు ఒడ్డున ఉన్న అలంపురం ప్రాంతం మాత్రం నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయింది. ఆ ఒడ్డువారు భారతదేశంలో కలవడానికి 1948 సెప్టెంబరు 17 దాకా ఆగవలసి వచ్చింది. ఇక బనగానపల్లె సంగతి మరొకటి. మామిడిపండుకు పేరిచ్చిన ఆ ఊరు ఒక చిన్న నవాబు సంస్థానానికి ముఖ్యపట్టణం. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ బ్రిటిషువారి కర్నూలు జిల్లాలో ఉండగా అదొక్కటీ వేరుగా ఉండి, 1948లో ఆ జిల్లాలో కలిసింది.

దీనిని పిల్లలకు మాటలతో చెప్పడం కంటే నేల మీద గీయించడం మేలు. మన ఇళ్లలో నాపరాళ్ల నేల ఉండనే ఉంది, నల్లని కడప బండ అయితే మరీ మంచిది. అబ్బాయి చేత సుద్దముక్కతో తుంగభద్రను పడమర నుంచి తూర్పుకు గీయించండి. కర్నూలు దగ్గర హంద్రి వచ్చి కలిసే చోటును మీరు చూపించండి. అమ్మాయి ఏటికి ఇరువైపులా ఊళ్ల పేర్లు రాయాలి: ఇటు కర్నూలు, నంద్యాల, ఆదోని, అటు అలంపురం, గద్వాల. నైరుతి మూలన బళ్లారి, ఇంకా దక్షిణాన అనంతపురం, కడప. ఆ తరువాత వంటింట్లోని గింజలు తెప్పించండి. బ్రిటిషువారి ఏలుబడిలో ఉన్న చోట శనగలు, నిజాం ఏలుబడిలో ఉన్న చోట జొన్నలు పోయించి, బనగానపల్లె చోట మాత్రం వేసవిలో తిని ఎండబెట్టిన మామిడి టెంక ఒకటి పెట్టించండి. మీరు పెద్దగా "1947 ఆగస్టు 15" అనగానే పిల్లలు శనగలను ఏరి, వాటి స్థానంలో మూడు రంగుల చిన్న చీటీలు పెట్టాలి. జొన్నలు, టెంక అలాగే ఉండిపోతాయి. ఏడేళ్ల పిల్లవాడు వాటిని చూసి "మరి ఇవి?" అని అడగకుండా ఉండడు. అతడు అడిగిన తరువాతనే 1948ని పిలవండి, అంతకు ముందు వద్దు.

అమ్మాయికి ఒక లెక్క కూడా ఇవ్వవచ్చు. 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 వరకు ఎన్ని రోజులో కట్టమనండి. 1948 లీపు సంవత్సరమని గుర్తుంటే 399 వస్తుంది, మరిచిపోతే ఒక రోజు తగ్గుతుంది. ఏటికి ఇవతలి ఒడ్డున ఒక పంద్రాగస్టు వెళ్లి, మరో పంద్రాగస్టు కూడా వచ్చి వెళ్లిన తరువాత గానీ అవతలి ఒడ్డువారికి తొలి పండుగ రాలేదని ఆ లెక్కే చెబుతుంది. వీలుంటే సాయంత్రం పిల్లలను ఏటి ఒడ్డుకు తీసుకువెళ్లి, ఆ ఒడ్డును ఒకసారి చూపించండి. ఇవాళ అది తెలంగాణ రాష్ట్రమని అమ్మాయికి తెలిసే ఉంటుంది.

అదే పటాన్ని చెరపకుండా ఉంచితే 1953 అక్టోబరు 1ని కూడా పిలవవచ్చు. ఆ రోజు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కర్నూలు దానికి రాజధాని అయింది, బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం మనవైపు వచ్చాయి. మూడేళ్ల పాటు, అంటే 1956 నవంబరు 1 వరకు, మీ ఊరు రాజధానిగా ఉండేదని, కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు అప్పట్లో డేరాలలో నడిచాయని చెబితే పిల్లలు నమ్మరు. మీ వీధిలో ఎనభై దాటిన తాతగారో, జేజియో ఉంటే వారి దగ్గరకే పంపించండి. వెళ్లేముందు పిల్లల చేత ప్రశ్నలు రాయించండి. "స్వాతంత్ర్యం గురించి చెప్పండి" వంటి ప్రశ్నకు పెద్దలు సైతం తడుముకుంటారు. "అప్పుడు మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవారు, జెండా పండుగ నాడు బడిలో ఏమి పెట్టేవారు, డేరాలను మీరు చూశారా" అని అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. వారు చెప్పినదాన్ని అమ్మాయి వారి మాటల్లోనే, యాస మార్చకుండా రాసుకోవాలి.

మీరు రాసిన కాగితపు జెండాల సంగతికి వస్తాను. వాటిని మానవలసిన పని లేదు, కాస్త శ్రద్ధగా చేయిస్తే చాలు. జెండా పొడవు వెడల్పుల నిష్పత్తి 3:2. పద్దెనిమిది అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు కాగితం తీసుకుంటే ఒక్కొక్క పట్టీ సరిగ్గా నాలుగు అంగుళాలు వస్తుంది. రంగులను కొనవద్దు. పసుపునీళ్లలో చిటికెడు సున్నం వేస్తే కాషాయానికి దగ్గరి ఛాయ వస్తుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లను చూసిన పిల్లలకు ఆ వింత కొత్తది కాదు, అయితే సున్నం కంట్లో పడితే ప్రమాదం కనుక దానిని మీరే కలపాలి. పచ్చరంగుకు ఆకుకూర రసం, చక్రానికి నీలిమందు. నీలిమందు చేతిలో ఉన్నప్పుడు ఒక మాట చెప్పండి: పందొమ్మిదో శతాబ్దంలో కడప జిల్లాలో నీలి పంట విస్తారంగా పండేది, గాంధీగారు 1917లో చంపారన్ వెళ్లింది కూడా నీలి రైతుల కోసమే.

అందరికీ కష్టమనిపించేది చక్రంలోని 24 ఆకులు. దీనికి కొలబద్ద అక్కరలేదు. గుండ్రంగా కత్తిరించిన కాగితాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిస్తే ఎనిమిది భాగాలవుతాయి. చేతిలో మిగిలిన ఆ చిన్న ముక్కను జంతికల పొట్లం చుట్టినట్టు మూడు సమాన మడతలు వేసి, గట్టిగా నొక్కి విప్పితే మడత గీతలు సరిగ్గా 24 కనిపిస్తాయి. మూడు మడతలు సమానంగా రావడానికి అబ్బాయికి నాలుగైదు కాగితాలు పాడవుతాయి, పాడు కానివ్వండి. గీతలను తానే వేలితో లెక్కపెట్టి 24 అని తేల్చుకున్న పిల్లవాడు ఆ సంఖ్యను ఇక మరిచిపోడు. ఆ పని జరుగుతుండగానే, పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారనీ, అప్పుడు దాని మీద రాట్నం ఉండేదనీ, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో ఆ చోట అశోక చక్రం వచ్చిందనీ చెప్పండి.

రాట్నం అనగానే పిల్లలు అదేమిటని అడుగుతారు. మీ ఇంట్లో దీపానికి వత్తులు చేసుకునే అలవాటు ఉంటే సగం పాఠం అయిపోయినట్టే. ఆదోని పత్తి మార్కెట్టు మీకు దగ్గరే కాబట్టి తెలిసినవారి ద్వారా గింజ తీయని పత్తి గుప్పెడు తెప్పించి, గింజలను వేళ్లతో తీయించి, ఆ దూదిని పలుచగా లాగుతూ మెలిపెట్టి దారం చేయించండి. మొదటి అరగంటలో జానెడు దారమైనా తెగకుండా రాదు. కర్ణాటకలో హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో ఖాదీ జెండాలు తయారు చేసేవారు ఇలా వడికిన నూలుతోనే బట్ట నేయిస్తారని అప్పుడు చెబితే, ఆ బట్ట విలువ పిల్లల వేళ్లకే తెలుస్తుంది. ఇన్ని పనులూ ఒక్క రోజులో చేయించబోకండి. ఆగస్టు మొదటి వారం నుంచి రోజుకు ఒకటి చొప్పున చేయిస్తూ, పండుగ నాటికి నేల మీది పటం మిగిలేటట్టు చూసుకోండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబు "జెండా పండుగ రెండుసార్లు ఎందుకు?" అని అడుగుతున్నాడు. ఆగస్టు 15కూ, జనవరి 26కూ తేడా చెప్పబోతే నాకే సరిగ్గా మాటలు రావడం లేదు. ఆటలాగా చెప్పే దారి ఉందా?
– ఒక తండ్రి, కడప

సమాధానం: ఉంది, కానీ దానికి మీరూ కట్టుబడి ఉండాలి. ఆగస్టు 15 ఉదయం బాబును పిలిచి, "ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో మన నియమాలు మనమే రాసుకుంటాము, అవి రాసుకునేదాకా పాత నియమాలే నడుస్తాయి" అని చెప్పండి. 1947లో జరిగింది అదే. బ్రిటిషువారి పాలన పోయినా, మన రాజ్యాంగం అమలులోకి వచ్చేదాకా, అంటే రెండేళ్ల అయిదు నెలల పాటు, దేశాధిపతిగా ఇంగ్లండు రాజు పేరే ఉండేది. ఆయన తరఫున గవర్నర్ జనరల్ ఉండేవారు. 1950 జనవరి 26న ఆ పదవి పోయి రాష్ట్రపతి పదవి వచ్చింది. ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారంటే, 1930లో అదే రోజున కాంగ్రెసువారు దేశమంతటా పూర్ణ స్వరాజ్య దినం జరిపారు.

ఇక మీ ఇంటి రాజ్యాంగ సభను ఆదివారం ఆదివారం భోజనాలయ్యాక నడపండి. అవ్వాతాతలు ఉంటే వారికీ ఓటు ఉండాలి, బాబు ఓటూ మీ ఓటూ సమానంగా ఉండాలి. ఫోను ఎవరు ఎంతసేపు చూడవచ్చు, కంచాలు ఎవరు తీయాలి, కోపం వచ్చినప్పుడు ఎవరిని ఎవరు ఏమనకూడదు వంటి విషయాలు ఒక్కొక్కటిగా చర్చకు రావాలి. ఒక నియమం మీకు వ్యతిరేకంగా నెగ్గితే దానిని కొట్టివేయకండి. తండ్రి ఫోనుకూ పరిమితి ఉండాలని బాబు నెగ్గించుకున్నాడనుకోండి, మీరు ఆ రాత్రి దానిని పాటించడమే పౌరశాస్త్రంలో అతడికి మొదటి పాఠం. ఈ దశలో తొందరపడవద్దు. మన రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న మొదటిసారి సమావేశమై, 1949 నవంబరు 26న గాని రాజ్యాంగాన్ని ఆమోదించలేదు. మీరు కూడా నవంబరు 26న మీ నియమాలను ఆమోదించి, జనవరి 26 నుంచి అమలు చేయండి. మధ్యలో ఉండే రెండు నెలలలో సాపు ప్రతి రాయాలి. అసలు రాజ్యాంగాన్ని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేత్తో రాశారు, నందలాల్ బోసు నాయకత్వంలో శాంతినికేతన్ చిత్రకారులు పుటలను అలంకరించారు. మీ బాబు రాసిన పుట చుట్టూ లేపాక్షి లతామండపం స్తంభాల మీది అంచుల వంటివి గీయించండి. అక్కడికి వెళ్లడం కుదరకపోతే బీరువాలోని ధర్మవరం పట్టుచీర అంచును చూసి గీసినా అందంగా ఉంటుంది.

సాపు ప్రతి కింద అందరూ సంతకాలు చేసే రోజున, ఆ నాటి సభలో మన సీమవారు కూడా కూర్చున్నారని చెప్పడం మరవకండి. అనంతపురం జిల్లా నుంచి కల్లూరు సుబ్బారావుగారు, నీలం సంజీవరెడ్డిగారు అందులో సభ్యులు. ఇల్లూరు అనే పల్లెలో 1913లో పుట్టిన సంజీవరెడ్డిగారు 1977లో రాష్ట్రపతి అయ్యారు.

ప్రశ్న: మా మనవరాలు జనగణమన, ప్రతిజ్ఞ తప్పు లేకుండా అప్పజెబుతుంది. అర్థం అడిగితే తెలియదంటుంది. పదేళ్ల పిల్లకు అర్థం చెప్పవచ్చునా?
– ఒక అమ్మమ్మ, అనంతపురం

సమాధానం: తప్పకుండా చెప్పవచ్చునమ్మా. ప్రతిజ్ఞతో మొదలుపెట్టండి, ఎందుకంటే అది మొదట పుట్టిందే తెలుగులో. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా 1962లో దానిని రాశారు. తరువాతనే అది ఇతర భాషలలోకి వెళ్లింది. మనవరాలి చేత ఒక్కొక్క వాక్యం రాయించి, తనకు తెలియని మాట కింద గీత గీయమనండి. "వారసత్వ సంపద" అనే మాట దగ్గర పిల్లలు సాధారణంగా ఆగుతారు. అప్పుడు మీ ఇంట్లో మీ అమ్మగారి నాటి వస్తువు ఏదైనా, రోలో, ఇత్తడి బిందెనో, తెచ్చి ఆమె ముందు పెట్టి, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పండి.

జనగణమనకు పటం కావాలి. పాటలో వచ్చే ప్రాంతాలను, కొండలను, నదులను ఆమె ఒక్కొక్కటిగా వెదికి గుర్తు పెట్టాలి. సింధు ప్రాంతం దగ్గరకు వచ్చేసరికి అది మన దేశపు పటంలో కనబడదు. దాటవేయకండి. స్వాతంత్ర్యం వచ్చిన నాడే దేశం రెండయిందనీ, లక్షల మంది ఇళ్లు విడిచి వచ్చారనీ పదేళ్ల పిల్లకు నెమ్మదిగా చెప్పవచ్చు. ఆ తరువాత ఆ పాటకూ మన ప్రాంతానికీ ఉన్న సంబంధం చెప్పండి. రవీంద్రనాథ్ ఠాగూరుగారు 1919లో మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు అక్కడే ఆ పాటను ఇంగ్లీషులోకి అనువదించారు, కళాశాలలో ఉన్న మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు కూర్చారు. అనంతపురం నుంచి కదిరి మీదుగా మదనపల్లెకు బస్సులో వెళ్లి రావచ్చు. సెలవుల్లో ఒక ప్రయాణం పెట్టుకోండి.

ప్రశ్న: మాది కోయిలకుంట్ల దగ్గరి పల్లె, ఇప్పుడు కర్నూలులో స్థిరపడ్డాము. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి కథ మా ఆరేళ్ల పాపకు చెప్పాలని ఉంది. ఉరి, తల నరకడం వంటివి చెప్పడానికి మనసు ఒప్పడం లేదు.
– ఒక తండ్రి, కర్నూలు

సమాధానం: మీ మనసు చెప్పింది సరైనదే. ఆరేళ్ల పాపకు ఆయన ఎందుకు తిరగబడ్డాడో చెబితే చాలు. తమ పెద్దల నాటి నుంచి అనుభవిస్తున్న మాన్యాలను కంపెనీవారు లాగేసుకుంటుంటే, రైతులను, తోటి పాలెగాళ్లను కూడగట్టుకుని 1846లో కోయిలకుంట్ల ఖజానా మీదికి వెళ్లినవాడు ఆయన. మీ పల్లెకు తీసుకువెళ్లి, ఆయన మీద పాటలు పాడే పెద్దలు ఎవరైనా ఉంటే వారి నోటనే వినిపించండి. పాటకు పాప తాళం వేస్తుంది, మొదటిసారికి అంతే కావాలి. "తరువాత ఏమయింది నాన్నా?" అని అడిగితే, "పట్టుకుని చంపేశారమ్మా, ఊరివాళ్లు మాత్రం ఆయనను మరిచిపోలేదు" అని నిజమే చెప్పండి, వివరాలలోకి వెళ్లకండి. పాపకు పదేళ్లు వచ్చాక 1847 ఫిబ్రవరి 22 అనే తేదీని పలక మీద రాయించి, దాని పక్కన 1947 ఆగస్టు 15 రాయించి, తీసివేత చేయించండి. వందేళ్ల మీద ఎన్ని నెలలో ఆమే చెబుతుంది.

ప్రశ్న: పండుగ మరునాడు కాగితపు జెండాలను ఏమి చేయాలి? పిల్లలకు ఏమి నేర్పాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: మొదట ప్లాస్టిక్ జెండాలు కొనకండి, జెండా నియమావళి వాటిని అనుమతించదు. కాగితపు జెండాలను వాడిన తరువాత నేల మీద పడవేయకూడదు, మర్యాదగా, నలుగురి కంటా పడకుండా తీసివేయాలి. గుడ్డ జెండా చిరిగిపోతే దానిని తుడుపుగుడ్డగా గానీ మరో పనికి గానీ వాడకుండా, ఎవరూ లేని చోట మొత్తంగా కాల్చివేయడం మంచి పద్ధతి. ఇంటి మీద ఎగురవేసే జెండాను రాత్రి కూడా ఉంచేందుకు 2022 నుంచి అనుమతి ఉంది, అయితే చిరిగిన జెండా ఒక్క పూట కూడా ఉండకూడదు. ఆగస్టు 16 ఉదయం పిల్లల చేతికి ఒక శుభ్రమైన సంచి ఇచ్చి మీ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపించండి. కాలువ పక్కన, బడి గేటు దగ్గర, బండ్ల కింద పడి ఉన్న జెండాలను వారే ఏరి, మట్టి తుడిచి సంచిలో వేస్తారు. పెద్దవారు కూడా వెంట వెళ్లాలి.